రంగము రేవు మొదలు వీసా కిటికీ వరకు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము మొదట వినుటకు మనకు దూరమైనదిగా తోచవచ్చును. ఒక దేశము తన గడప దాటి లోనికి వచ్చువారికి నియమములను బిగించినపుడు, ఆ బిగింపు వర్తకముమీదను, వర్తకమునకై దేశములు తిరుగువారిమీదను, కడపట సామాన్యుని సంపాదనమీదను ఏ రీతిగా పడునన్నదే ఆ విషయము. పాస్‌పోర్టులు, వీసాలు, కాన్సులేటు కిటికీలు, ఇవన్నియు పెద్ద నగరములలో నడచు వ్యవహారములు గదా, ఉండిలోనో ఆకివీడులోనో చెరువు గట్టుమీద నిలుచుండి రొయ్యలకు మేత చల్లుకొను రైతునకు వీనితో ఏమి పని యని మీరు అడుగవచ్చును. పని యున్నది. చాల దగ్గర పని యున్నది. పైగా ఈ సంగతి గోదావరి జిల్లాలకు నేడు క్రొత్తగా వచ్చినది కాదు. నూరేండ్ల క్రిందట మన తాతలకును ముత్తాతలకును అనుభవములోనిదే. అందుచేత మొదట కాకినాడ రేవునకు పోవుదము.

ఆ రోజులలో మనవారు రంగూను పట్టణమును రంగమని పిలిచెడివారు. కోతలు, కుప్పనూర్పులు ముగిసి ఊర పని సన్నగిల్లిన పిమ్మట, అప్పుల పాలైన చిన్నరైతును, భూమిలేని కూలివాడును మేస్త్రీ యొద్ద బయానా పుచ్చుకొని, కాలువ పడవలో కాకినాడ చేరి, జగన్నాథపురము వంతెన దాపున ఉప్పుటేటి గట్టుమీద గుంపులు గుంపులుగా కూర్చుండి స్టీమరు కొరకు ఎదురుచూచెడివారు. కాకినాడ సముద్రము లోతు తక్కువది. పెద్ద ఓడ గట్టునకు రాలేదు. హోప్ ఐలాండు చాటున, దూరముగా లంగరు వేసి నిలుచును. చుట్టిన చాప ఒకటి, రేకు పెట్టె ఒకటి, ఆ పెట్టెలో ఇంత చింతపండు, ఎండుమిరపకాయలు, ఈ సామగ్రితో మన మనిషి పడవ యెక్కి, ఆ పడవనుండి ఓడ యెక్కి, డెక్కుమీద చాప పరచుకొని, బంగాళాఖాతము దాటి రంగము రేవులో దిగెడివాడు.

ఇప్పుడొక్క మాట గమనింపుడు. అతనియొద్ద పాస్‌పోర్టు లేదు. వీసా లేదు. ఓడ టిక్కెట్టు ఉన్నది, అంతియే. ఏలయన 1937 ఏప్రిలు 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే. కాకినాడనుండి రంగము పోవుట, చట్టము దృష్టిలో, కాకినాడనుండి మదరాసు పోవుటవంటిదే.

అట్లు పోయినవారు రంగము రేవులో మూటలు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి, వీధులు ఊడ్చిరి. తెలుగువారిని అచ్చట కోరంగీలని పిలిచెడివారు. గోదావరి సముద్రమున కలియు చోటనున్న మన కోరంగి రేవు పేరే అది. 1839లో వచ్చిన మహోపప్లవమునకు కోరంగి పాడైపోయెను. ఓడలు కాకినాడకు మరలెను. కాని ఆ రేవు పేరు మాత్రము సముద్రమునకు ఆవలితట్టున మన జాతి పేరై నిలిచిపోయెను. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణములో సగమునకు పైగా భారతీయులేయన్న, ఆ రాకపోకల ప్రవాహము ఎంతటిదో మీరే ఊహించుకొనగలరు.

కూలివారి సంగతియే ఎల్లరును చెప్పుదురు. వర్తకుని సంగతి అంతగా చెప్పరు. కాని నేటి మన విషయమునకు వర్తకుడే ముఖ్యుడు. గోదావరి లంకలలో వరద దిగిన మెరక ఒండ్రుమీద పండు పొగాకు, లంకపొగాకు, చుట్టలు చుట్టుటకై బర్మాకు పోయెడిది. పొగాకు వర్తకమెట్టిదో ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆకును వ్రేళ్లతో సాగదీసి చూడవలెను, వాసన చూడవలెను, కాల్చి బూడిద రంగు చూడవలెను. ఉత్తరముమీద కుదురు బేరము కాదది. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా కూర్చుండి, నిరుటి బాకీ ఎంత, ఈ యేటి ధర ఎంత, తడిసిన కట్టలకు తరుగు ఎంత అని తేల్చుకొనవలసిన బేరము. అందుచేత వర్తకుడో అతని గుమాస్తాయో ఓడ యెక్కవలసినదే. కూలివాడు పోయిన దారినే వర్తకుడును పోయెను. ఓడ ఒక్కటే, గుమ్మము ఒక్కటే. ఈ మాట మనసున ఉంచుకొనుడు. కూలివానికి మూసిన తలుపు వర్తకునికిని మూతపడునన్నది ఇందుండియే తెలియును.

ఇక ఆ తలుపు ఎట్లు మూతపడినది? దీనిని చెప్పునపుడు మన పక్షము మాత్రమే చెప్పుట న్యాయము కాదు. 1929 తరువాత ప్రపంచమంతట మాంద్యము వచ్చెను. వడ్ల ధర పడిపోయెను. బర్మా రైతుల పొలములు అప్పుల క్రింద వడ్డీవ్యాపారుల వశమాయెను. ఆ వ్యాపారులలో పెక్కురు మన దేశపు చెట్టియార్లు. 1930 మే నెలలో రంగము రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడ సరకు దింపించు కంట్రాక్టుదారులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. పిదప సమ్మె పరిష్కారమై మనవారు పనికి రాగానే, బర్మీయులను పొమ్మనిరి. ఆకలిగొన్నవానికి నాలుగు నాళ్లు అన్నము పెట్టి ఐదవనాడు విస్తరి లాగివేసినట్లయినది. అల్లరులు చెలరేగెను, రంగము వీధులలో మన తెలుగువారి రక్తము చిందెను. తప్పు మనవారిదా, బర్మీయులదా? నన్నడిగిన, ఇద్దరిదియు కాదందును. ఇరువురి పేదరికముమీద లాభము తీసినవారిది. కాని కోపము మాత్రము కంటికి కనబడు మనిషిమీదికే పోవును, అతడు పరదేశి యైనచో మరింత త్వరగా పోవును.

1937లో బర్మా ఇండియానుండి వేరు చేయబడెను. 1938లో మరల అల్లరులు. అంతట బర్మా ప్రభుత్వము బాక్స్టరు అను ఆర్థిక సలహాదారుని విచారణకు నియమించెను. అతడు లెక్కలన్నియు చూచి చెప్పినదేమనగా, భారతీయ కూలీలు బర్మీయుల పనిని పెద్దయెత్తున లాగుకొన్నట్లు నిదర్శనము లేదని. ఈ మాటను మరియొకమారు చెప్పెదను: విచారణ చేసిన అధికారియే, పని పోయినదన్న ఆరోపణకు బలమైన ఆధారము కనబడలేదనెను. అయినను 1941 జూలైలో రెండు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనెను. గిరిజాశంకర్ బాజ్‌పాయి మన పక్షమున పోయిన ప్రతినిధివర్గమునకు నాయకుడు. ఆ ఒడంబడిక ప్రకారము 1941 అక్టోబరు 1వ తేదీ మొదలు పాస్‌పోర్టుమీద వీసాగాని, ప్రవేశ పర్మిటుగాని లేని భారతీయుడు బర్మాలో అడుగుపెట్టరాదు. శాశ్వతముగా నుండదలచినవాని పర్మిటుకు రుసుము 500 రూపాయలు. కూలివాని జీవితములో అంత సొమ్ము ఒక్కసారి కంటబడినదా యన్నది సందేహమే. ఆ అంకెయే చెప్పుచున్నది, తలుపు ఎవరికి మూసిరో. గాంధీజీ ఈ ఒడంబడికను గట్టిగా ఖండించెను; బర్మాలోని మన వర్తకసంఘములు మొరపెట్టెను. ఎవరి బ్రతుకు ఆ కాగితముమీద ఆధారపడియుండెనో, వారిని సంప్రదింపకయే ఆ కాగితము వ్రాయబడెనన్నది అప్పటి ముఖ్యాక్షేపణ. అది నేటికిని నాకు న్యాయమైన ఆక్షేపణగనే తోచుచున్నది.

ఆ నియమము పూర్తిగా అమలు జరిగియున్న ఏమయ్యెడిదో చూచుటకు కాలము అవకాశమీయలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుమీద బాంబులు వేసెను. లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి; దారిలో రాలిపోయినవారు ఎందరో. 1942 ఏప్రిలు 6న మన కాకినాడమీదను బాంబులు పడెను. ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము ప్రపంచమునకు పంపుచుండిన దేశము జపాను వశమై మనకు మూతపడెను. మరుసటి యేట వంగదేశమున వచ్చిన ఘోరమైన క్షామమునకు గల కారణములలో బర్మా బియ్యము రాకపోవుట ఒకటి. ఇది యుద్ధము చేసిన పని, నిజమే. వీసా నియమమునకు ఈ పాపము అంటగట్టుట తగదు. కాని ఒక సత్యము మాత్రము ఆనాడు పట్టపగలువలె కనబడెను. మనిషి రాకపోక, సరకు రాకపోక, వంటింటి కుండలోని బియ్యము, ఇవి మూడును ఒక్క దారమున గ్రుచ్చబడినవి. ఒకటి తెగిన తక్కినవి నిలువవు.

యుద్ధము ముగిసిన పిమ్మట బర్మా 1947 చట్టముతో ప్రవేశమును మరింత బిగించెను. 1962లో సైన్యము రాజ్యమునకు వచ్చెను. 1964లో అంగళ్లు జాతీయము చేయబడెను, పెద్ద నోట్లు రద్దు చేయబడెను, మనవారు చేతికి అందినది పట్టుకొని ఓడలెక్కి వచ్చిరి. విశాఖపట్టణములో బర్మాక్యాంపు అను పేట వారిదే. లోకమునకు బియ్యము పెట్టిన ఆ దేశము మరల యుద్ధపూర్వపు ఎగుమతి స్థాయిని అందుకొనుటకు ఎన్నో దశాబ్దములు పట్టెను. అంతర్యుద్ధము, ప్రభుత్వపు గుత్తవ్యాపారము మొదలైన కారణములు పెక్కు గలవు. అయినను, రేవుపని తెలిసిన చేతులు, మిల్లు తెలిసిన చేతులు, అప్పు పెట్టు చేతులు ఒక్కసారిగా వెడలిపోయిన దేశము తూలిపోకుండునా?

ఈ తలుపుల బిగింపు బర్మాకే చెల్లినది కాదు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు ఐరోపాలో పెక్కు దేశములలో పాస్‌పోర్టు అడిగెడివారే కారు. యుద్ధకాలపు అవసరముగా అది వచ్చెను. యుద్ధము ముగిసెను గనుక క్రమముగా దీనిని తొలగింపవలెనన్న ఆశతో 1920లో నానాజాతిసమితి ప్యారిసులో సభ చేసెను. ఆశ ఆశగానే మిగిలినది.

సరే, నూరేండ్లనాటి రేవునుండి మన కాలమునకు వత్తము.

తెల్లవారుజామున కాళ్ల మండలములో ఒక చెరువు పట్టుబడి జరుగుచున్నదనుకొనుడు. ఏరియేటర్లు ఆపివేసిరి. నడుము లోతు నీటిలో మనుషులు వల లాగుచున్నారు. గట్టుమీద ట్రేలు, ఐసు, కాటా. కొనుగోలుదారుడు గుప్పెడు రొయ్యలను తూచి, కిలోకు ఎన్ని తూగినవో లెక్కించి, కౌంటు ఎంత అని కేక వేయును. వంద కౌంటు అనగా కిలోకు నూరు రొయ్యలు. ముప్పది కౌంటు అనగా పెద్దవి. కౌంటునుబట్టి ధర. ఆ ధరను ఆ ఉదయము నిర్ణయించువాడు గట్టుమీద లేడు. సముద్రము ఆవల అమెరికాలోనో, ఐరోపాలోనో ఉన్నాడు. 2009లో వనామీ జాతి రొయ్య పెంపకమునకు అనుమతి వచ్చినది మొదలు మన భీమవరము ప్రాంతము ఆ కొనుగోలుదారునితో ముడిపడిపోయినది. మన రొయ్యలను అందరికంటె ఎక్కువగా కొనుచు వచ్చినది అమెరికా.

ఈ బేరమును కుదుర్చు ఎగుమతిదారుడు ఏటేట మార్చి నెలలో బోస్టను నగరమున జరుగు సముద్రాహార ప్రదర్శనకు పోవలెను. వసంతకాలమున బార్సిలోనాలో జరుగుదానికి పోవలెను. పాత లంకపొగాకు వర్తకుడు రంగము పోయినట్లే. ఇప్పుడు ఫోనులో మొగము చూచి మాటలాడవచ్చును గదా యందురేమో. పాత బేరమైన సాగును. క్రొత్త మనిషితో క్రొత్త బేరము అట్లు సాగదు. రొయ్యను వండి రుచి చూపవలెను. పోయిన కంటైనరు విషయమున వచ్చిన తగవు ఎదుట కూర్చుండి తీర్చుకొనవలెను. కోట్ల రూపాయల సరకును అరువుమీద పంపునపుడు, ఆ మనిషి కండ్లలోనికి ఒక్కసారి చూడవలెనని ఎవరికుండదు?

కాని 2022 చివరి దినములలో హైదరాబాదు అమెరికా కాన్సులేటులో క్రొత్తగా సందర్శక వీసా కోరువానికి ఇంటర్వ్యూ తేదీ రెండు సంవత్సరములు దాటిన పిమ్మటగాని కనబడలేదు. స్లాటు దొరకలేదు, స్లాటు దొరకలేదు, ఇదే మాట ఎవరినోట విన్నను. రెండేండ్లలో మన చెరువులలో ఎన్ని పంటలు వచ్చునో రైతులకు నేను చెప్పవలెనా? అమెరికావారు 2023లో శనివారపు ఇంటర్వ్యూలు పెట్టిరి. భారతీయులు బ్యాంకాకులో కూడ దరఖాస్తు పెట్టుకొనవచ్చుననిరి. వ్యవధి తగ్గెను. మరల 2025 సెప్టెంబరులో, ఎవరి దేశములో వారు, లేదా తాము నివసించు దేశములో మాత్రమే దరఖాస్తు పెట్టవలెనని నియమము చేసిరి. ఇంటర్వ్యూ లేకుండ వీసా పొందు సౌలభ్యమును కూడ చాలమందికి తీసివేసిరి. తెరచిన పక్కతలుపు మూసిరన్నమాట.

అది ఏ సమయము? అదే సంవత్సరము ఆగస్టు 27 నుండి మన సరకులలో చాలవాటిమీద అమెరికా సుంకమును 50 శాతమునకు పెంచినది. చెరువు గట్టుమీద రేటు పడిపోయినది, కొనుగోళ్లు మందగించినవి. ఇక చేయవలసినదేమి? ఇతర దేశములలో కొనువారిని వెదకవలెను. వెదకుటయనగా ఏమి? ప్రయాణము చేయుట. ఇక్కడనే రెండు దెబ్బలు ఒక్కచోట తగిలినవి. సుంకము సరకుమీద పడును. వీసా ఆలస్యము మనిషిమీద పడును. సుంకము పెరిగిన దినముననే మనిషికి దారి అవసరము హెచ్చును. ఆ దినముననే దారి ఇరుకైనచో ఆ వర్తకుడేమి చేయగలడు?

అందులోను పెద్ద సంస్థకు ఇది పెద్ద చిక్కు కాదు. దానికి అచ్చటనే కార్యాలయముండును. పదేండ్ల వీసాగల మనుషులుందురు. నిన్న మొన్న ప్లాంటు పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టి, తన సొంత పేరుతో ఒక్క కంటైనరైన పంపవలెనని తపించు చిన్న ఎగుమతిదారుని తల పైకి రానీయనిది ఈ జాప్యమే. అతడు తుదకు తన సరకును పెద్దవానికే అమ్మును. పోటీ తగ్గును. పోటీ తగ్గినచోట గట్టుమీది కేక ఎవరికి అనుకూలముగా వినబడునో రైతునకు తెలియును. ప్లాంటులో చలిలో నిలుచుండి రొయ్యల తలలు తీయు మన ఆడవారికి వారములో ఎన్ని దినములు పని దొరకునన్నదియు దీనితోనే ముడిపడినది. వారిలో వీసా కాగితము ఎట్లుండునో చూచినవారు అరుదు.

తలుపు తెరచిన సంగతియు ఒకటి చెప్పవలెను. కడియము నర్సరీలు మీకు తెలియనివి కావు. కడియపులంకలో ఒక తోటలోనికి పోయి, ఈ రంగుల ఆకుల మొక్క ఎక్కడిదని అడిగినచో, థాయిలాండుదండీ యన్న జవాబు తరచు వచ్చును. 2023 నవంబరులో థాయిలాండు భారతీయులకు ముందుగా వీసా తీసికొను బాధ్యతనుండి మినహాయింపు ఇచ్చినది. వచ్చినవారు ఖర్చు పెట్టుదురు, దేశమునకు రాబడి యన్నది వారి ఆలోచన. వారి లాభము వారు చూచుకొనిరి. అయినను మన నర్సరీరైతునకు దాని ఫలము దక్కినది. టిక్కెట్టు కొనుక్కొని పోయి, తోటలు చూచి, ఏ మొక్క మన ఎండకు నిలుచునో కనుగొని వచ్చుటకు వీలు కలిగినది. మొక్కను తెచ్చుటకు చీడపీడల పరీక్షలు వేరుగా ఉన్నవి, ఉండవలెను కూడ. మన దేశము కూడ 2014 నుండి ఈ-వీసా పద్ధతి పెట్టి వచ్చువారికి దారి సులభము చేసినది. విదేశీ కొనుగోలుదారుడు వచ్చి చెరువును, ప్లాంటును, అచ్చటి పరిశుభ్రతను కన్నులార చూచిపోయినచో, ఆ నమ్మకమునకు ప్రకటనలు సాటిరావు.

ఏ దేశమునకైనను తన ఇంటికి ఎవరు రావలెనో నిర్ణయించుకొను హక్కు ఉన్నది. బర్మాకు ఉండెను, అమెరికాకు ఉన్నది, మనకును ఉన్నది. నేను కోరునది తలుపులు పీకివేయవలెనని కాదు. అడుగువానికి ఫలానా నాటికి జవాబు చెప్పెదమన్న గడువు ఉండవలెను. నియమము మార్చునపుడు ముందుగా చెప్పవలెను. స్థిరపడ వచ్చువానిని, పది దినములు బేరమాడి పోవుటకు వచ్చువానిని ఒకే వరుసలో నిలువబెట్టరాదు. 

ఇందులో మన ప్రభుత్వము చేయగల పని లేకపోలేదు. 2025 జూలై 24న బ్రిటనుతో సంతకమైన వర్తక ఒప్పందములో సముద్రోత్పత్తులమీది సుంకముల మాటతోపాటు, వ్యాపారపు పనిమీద కొద్దికాలము వచ్చిపోవువారి ప్రవేశమును గురించిన అంగీకారములు కూడ ఉన్నవి. సుంకము వంతు పత్రికలలో పెద్ద అక్షరములతో పడినది; మనుషుల వంతును పట్టించుకొన్నవారు తక్కువ. ఇకముందు ఏ దేశముతో ఒప్పందము జరిగినను, మన ఎగుమతిదారుల సంఘములు, రొయ్యరైతుల సంఘములు, మనము ఓటు వేసి పంపిన పార్లమెంటు సభ్యులు ఆ మనుషుల వంతును తెరచి చదివి, భీమవరమునుండి పోవు చిన్న వర్తకునకు ఇందులో ఎన్ని దినములలో వీసా దొరకును, రుసుమెంత, కాదన్నపుడు ఎవరిని అడుగవలెను అని సంతకమునకు ముందే అడిగి తెలిసికొనవలెనని నా కోరిక. సంతకమైన తరువాత అడుగుట ఎంత నిష్ఫలమో 1941లో రంగములోని మన తెలుగువారు ఎరిగిరి.